ముక్కున్న మనిషి

“గీకకు! నీకు దండం పెడ్త, ఆ పుల్ల గీకకు!”

రాజమ్మ కేక గల్లీ చివరిదాకా వినిపించింది. చంకలోని బిందె జారి గడప మీద పడి, నీళ్ళు ఒలకబోసుకుంటూ మోరీ దాకా దొర్లింది. ఆమె అటు చూడలేదు. రెండంగల్లో గదిలోకి దూకి మొగుడి చేతి మీద ఒక్కటి కొట్టింది. అగ్గిపెట్టె ఎగిరి, దారాలు కత్తిరించడానికి రింగ్ రోడ్ మార్కెట్ నుంచి తెచ్చుకున్న చీరల కుప్ప మీద పడింది.

అంబదాస్ నోట్లో బీడీ అట్లాగే ఉంది.

“ఏమైందే? పిచ్చి గిట్ల లేసిందా?”

ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పొయ్యి మీదికి వంగింది. పాలు పొంగి మంటను ఆర్పేసి, గట్టు మీదంతా పారి, అప్పుడే మీగడ కట్టడం మొదలైంది. నాబ్ మాత్రం తిప్పింది తిప్పినట్టే ఉంది. చిన్న సిలిండరు సుయ్‌మని సన్నగా ఊదుతోంది. ఆమె దాన్ని కట్టేసింది. కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది. గదిలో గ్యాసు ఎంత చిక్కగా ఉందంటే ఆమెకు కళ్ళు తిరిగి గోడ పట్టుకోవలసి వచ్చింది.

మొగుడు ఆ పొయ్యికి మూరెడు దూరంలో పీట మీద కూర్చుని, తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు.

“పాలు పొంగినయా? నేను చూడలే,” అన్నాడు.

“చూడలే. సరే. వాసన గూడ రాలేదా?”

అంబదాస్ చెప్పు కిందపెట్టాడు. బీడీ నోట్లోంచి తీసి చెవి మీద పెట్టుకున్నాడు. 

సగం అల్లిన జడతో హారతి పరుగెత్తుకొచ్చింది. పక్క గదిలో అద్దం ముందున్న పిల్ల, దువ్వెన చేతిలోనే ఉంది. “అమ్మా, శుఁ థయూ? ఏమైంది? గల్లీ దాకా గ్యాస్ కొడ్తంది!”

“గల్లీ దాకా కొట్టిందట,” అంది రాజమ్మ, మొగుడి మొహం మీదినుంచి చూపు తిప్పకుండా.

వేరే ఇంట్లో అయితే ఇది అక్కడితో పోయేది. నాలుగు తిట్లు, కొత్త పాలు, అంతే. కానీ అంబదాస్ ముక్కు అందరి ముక్కులాంటిది కాదు. రంగులూ థిన్నరూ నిల్వ చేసే గోదాములో పధ్నాలుగేళ్ళుగా లీకులు కనిపెట్టి చెప్పే మనిషి అతను. అక్కడ వాసన ఎప్పుడూ ఉంటుంది. అందులో రోజువారీ వాసన ఏదో, కారుతున్న డ్రమ్ము వాసన ఏదో విడదీసి చెప్పగలిగినవాడు అతనొక్కడే. మూసిన షట్టరు బయట నిలబడి “లోపల ఎడమ పక్క, టర్పెంటైను” అని చెప్పి, అంటుకోబోయిన గోదామును కాపాడాడని ఒకప్పుడు సేఠ్ అతని మెడలో దండ వేశాడు. కూలీలు, టెంపోవాళ్ళు, చివరికి టీ కొట్టువాడు కూడా అంబదాస్ అనరు. ‘నాక్‌వాలా’ అంటారు, ముక్కున్నవాడని.

“జల్దీ అల్మారీల చున్నీ తే,” అంది రాజమ్మ కూతురితో.

“ఎందుకమ్మా?”

“తెమ్మన్నగదా.”

చున్నీతో మొగుడి కళ్ళకు గంతలు కట్టింది. అతను అడ్డం చెప్పలేదు. అదే ఆమెను మరింత భయపెట్టింది. దీపం సీసాలోని కిరసనాయిలు, వాళ్ళ గ్యాస్‌నూనె, మూతలో పోసి అతని ముక్కు కింద పెట్టింది.

“ఇదేంది?”

అతని చెయ్యి మూత వైపు లేచింది.

“వేలు పెట్టకు. ముక్కుతోని చెప్పు.”

“... కొబ్బరి నూనె.”

హారతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రాజమ్మ మూతను కిందపెట్టి, ఈసారి ఏమీ పెట్టకుండా ఖాళీ చెయ్యి చూపింది.

“ఇది?”

“అది... గ్యాస్‌నూనె గావచ్చు.”

గంతలు విప్పే ఓపిక కూడా లేక రాజమ్మ చీరల కుప్ప మీద కూలబడింది. విప్పింది హారతే. అంబదాస్ వెలుగుకు కళ్ళు చిట్లించి, మొదట కూతుర్ని చూశాడు, తరవాత తల దించుకున్నాడు.

“ఎన్నాళ్ళాయె?”

“ప్లేగు సాలు కాడ్నుంచి.”

ఆ ఏడాది సంగతి ఆ ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. ఊరికి ఊరే రైలు పెట్టెల పైకెక్కి పారిపోయింది. రాజమ్మ పిల్లను తీసుకుని సిరిసిల్ల పోయింది. అతను పోలేదు. సేఠ్ తాళాలు చేతికిచ్చి పోయాడని, బయటి గాలిలోనే రోగముందని, కిటికీలన్నీ బిగించుకుని ఇరవై రెండు రోజులు థిన్నర్ డ్రమ్ముల నడుమ పండుకున్నాడు.

“బయటికొచ్చినంక మస్తు తలనొప్పి. మొదలు పూల వాసన పోయింది. తర్వాత కూరలది. నువ్వు మాడబెట్టినా తెల్వకుండె. థిన్నర్ ఒక్కటి మిగిలింది. అదైనా ఉందిగదా అనుకున్న. పోయిన దీపావళికి అదీ పోయింది.”

“మరి ఇన్ని దినాలు ఎట్ల చేసినవ్?”

“వేలుతోని.” చూపుడు వేలు ఎత్తి చూపించాడు. ఆ వేలి చివర చర్మం తెల్లగా పొరలు లేచి ఉంది. “డ్రమ్ము అంచుకు వేలు రాస్త. కారుతుంటే చల్లగ తగుల్తది. థిన్నర్ తీరే గంత. అవుతల కొత్తోళ్ళ మొకాలు చూస్త. వాళ్ళు ముక్కు ముడుస్తే దిక్కు తెలుస్తది.”

 అంతలో బయట నుంచి పిలుపు వినిపించింది.

“అంబదాసూ, ఉన్నవా కొడుకా?”

కనకవ్వ. రెండు ఇళ్ళ అవతలి ముసలిది. లోపలికి రాలేదు. కొడుకు పోయిన మైల ఉంది కదా, గడపకు రెండడుగుల అవతలే, ఒలికిన నీళ్ళలో నిలబడింది. పోయిన ఆదివారం కాక ముందు ఆదివారం, ఉధ్నా అవతల సేఠ్‌దే ఇంకో గోదాము తగలబడింది. ఆ మధ్యాహ్నమంతా తాముండే లింబాయత్ మిద్దెల మీద నుంచి చూస్తే నల్లటి పొగ లేస్తూనే ఉంది. డ్రమ్ములు పేలిన చప్పుడు ఇక్కడికి వినిపించింది. ఒక ఒడియా కూలీ, కనకవ్వ కొడుకు వెంకటయ్య అందులో పోయారు.

“రేపు దినం. నలుగురిల నువ్వు ఉండాలె కొడుకా. నువ్వు లేనిది నాకు మనసున పట్టది.”

“వస్త అవ్వా.”

“ఆ గోదాముల నీలాంటోడు ఒక్కడుంటే నా కొడుకు దక్కుతుండె. ముక్కున్న మనిషివి. ముందుగాల్నే చెప్తుంటివి, బయటికి ఉరికెటోడు.” ముసలిది కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “ఆడ గసొంటి మనిషి లేకపాయె. ఏం జేస్తం.”

ఆమె పోయింది. గట్టు మీది పాలు చుక్క చుక్కగా కింద పడుతున్న చప్పుడొక్కటే.

అంబదాస్ చెప్పు మళ్ళీ తీసుకుని, సూది గుచ్చిన చోటే గుచ్చడం రాజమ్మ చూసింది. ముసలిది ఏడిస్తే మనసు కరిగి తడబడే తడబాటు కాదది. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి చేతులు ఆమెకు తెలుసు.

“ఏంది?” అంది మెల్లగా.

“ఏం లేదు.”

“ఏందో చెప్పు.”

“ఆ శనివారం నన్ను ఉధ్నాకు తీస్కపోయిండ్రు.”

“ఎవరు?”

“మెహతాజీ. గోదాముల లెక్కలు చూసేటాయన. ధనసుఖ్‌భాయ్. ఆడ కూలీలు లొల్లి జేసిన్రట, వాసన ఎక్కువైంది, లోపలికి పోమని. ముందుపడ్డది వెంకటయ్యనే. నాక్‌వాలాను తెచ్చి చూపిస్త, ఆయన చెప్తే నమ్ముతరా అన్నడట.” అంబదాస్ చెవి మీది బీడీ తీసి చేతిలో నలిపాడు. “పోయిన. నాలుగు వరసలు తిరిగిన. ఏం లేదు, రోజుండేదే అన్న.”

“వేలు పెట్టి చూడలేదా?”

“అడుగు వరస డ్రమ్ములు రాజవ్వా. చెయ్యి పోలే.”

హారతి దువ్వెన కింద పడింది. తీసుకోవడానికి వంగిన పిల్ల మళ్ళీ పైకి లేవలేదు, అక్కడే మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంది.

“వెంకటయ్య ఏమన్నడు?”

“నువ్వన్నంక ఇంకేముంది అన్నా, అన్నడు.”

రాజమ్మకు ఏడుపు రాలేదు.  ఆ తెల్లారి, ఆదివారం, పొగ లేచే ముందు వెంకటయ్య పంపు దగ్గర నవ్వుతూ తన బిందె ఎత్తిచ్చిన సంగతి గుర్తొచ్చింది. ఆమె లేచి నిలబడింది.

“ఇయ్యాల పో. పోయి మెహతాజీకి చెప్పు. నాకు వాసన రాదు, ఇంకొకని పెట్టుకోండ్రి అని.”

“చెప్తే?”

“చెప్తే చెప్పినట్టు.”

“చెప్తే నేనెవడిని? ఈ వయసుల సాంచల మీద ఎవడు నిలబెట్టుకుంటడు నన్ను? మరమగ్గం మరిచి పధ్నాలుగేండ్లాయె.”

“నా తమ్ముడున్నడు ఆడ!” ఆమె గొంతు మొదటిసారి పైకి లేచింది. “సాంచల దుమ్ముకు దగ్గు పట్టిందని, బావ కాడ అయితే భయముండదని, వానిని గోదాములకు తెచ్చి పెట్టింది నేను. నా నోటితోని చెప్పిన, బావ ముక్కుంది, నీకేం గాదు అని. ఎర్కనా నీకు?”

“ఆగయ్యకు ఏం గానియ్య.”

“ఎట్ల గానియ్యవు? ఏం పెట్టి చూస్తవ్? వేలు పెట్టి చూస్తవా?”

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అంబదాస్ చొక్కా వేసుకున్నాడు. కుట్టడం పూర్తికాని చెప్పునే కాలికి తొడుక్కున్నాడు.

“చెప్త,” అన్నాడు గడప దాటుతూ. “ఇయ్యాల చెప్త.”

ఏమీ తినకుండా పోయాడు.

రాజమ్మ గట్టు కడిగింది. బిందె తెచ్చుకుని మళ్ళీ నీళ్ళు పట్టింది. చీరల కుప్ప ముందు కూర్చుని కత్తెర చేతిలోకి తీసుకుంది. నాలుగు చీరలకు దారాలు తీసి, అయిదో చీరలో గుడ్డ కూడా కత్తిరించింది.

“బాపు చెప్పడమ్మా,” అంది హారతి ఉన్నట్టుండి.

“ఎందుకు చెప్పడు? చెప్త అన్నడు గదా.”

“చెప్పడు. ఆయనను అందరు నాక్‌వాలా అంటరు. గది పోతే ఆయన కాడ ఇంకేముంది?” పిల్ల గోడ వైపు చూస్తూ మాట్లాడింది. “నాకు పోయినేడే డౌట్ వచ్చింది. షీలా బర్త్‌డేకు పోయి సెంటు కొట్టుకోని వచ్చిన, యాదుందా? నువ్వు ఇల్లంత లేపినవ్, ఎవ్వడిచ్చిండని. బాపు పక్కనే కూసోని అన్నం తిన్నడు. ఒక్క మాట అనలే. నేను బాపు మంచోడు అనుకున్న.”

రాజమ్మ కత్తెర పక్కన పెట్టింది.

“ఇంకోటి,” అంది హారతి. “పొద్దుగాల సుమనత్త పంపు కాడ చెప్పింది. ఉధ్నాల కాలంగ మిగిలిన మాల్ అంతా ఇయ్యాల కామ్‌రేజ్‌కు, బాపు గోదాముకు వస్తదట. ఆగయ్య మామ రాత్రిదాకా రాడట. పెట్టడానికి జాగా చాల్తలేదని కొత్త ఇనుప స్టాండ్లు కట్టిస్తున్నరట. వెల్డింగోడు వస్తడట.”

“ఎప్పుడు వస్తడట?”

“పగటీలి, మిట్టపగటికి.”

రాజమ్మ గోడ గడియారం చూసింది. పదకొండు దాటి చాలాసేపయింది. పొయ్యి సంగతి ఒకటికి రెండుసార్లు చూసుకుని, కొంగు నడుముకు దోపుకుని బయటపడింది.

షటిల్ రిక్షాలో అయిదుగురి మధ్య ఇరుక్కుని కూర్చుంది. సర్థాణా దాటేదాకా బండి పాకుతూనే పోయింది. డ్రైవరు ప్రతి మలుపులో ఆగి ఇంకొకడిని ఎక్కించుకుంటుంటే ఆమె “భయ్యా, జల్దీ” అని నాలుగుసార్లు అంది. అయిదోసారి అతను వెనక్కి తిరిగి, “ఎక్కడన్నా నిప్పంటుకుందా మాసీ?” అన్నాడు. పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. 

గోదాము హైవే నుంచి లోపలికి, చెరకు చేల మధ్య ఉంది. పొడుగ్గా రేకుల షెడ్డు. వాకిట్లో లారీ నిలబడి ఉంది. దాని మీది డ్రమ్ములు సగానికి సగం మసిబారి, చీటీలు కాలి, కొన్నిటికి నడుములు వంగిపోయి ఉన్నాయి. అప్పటికే చాలా డ్రమ్ములు లోపలికి చేరినట్టున్నాయి. ద్వారం దగ్గర ఇనుప కమ్ములు పరుచుకుని వెల్డరు కూర్చున్నాడు. కరెంటు స్తంభం నుంచి తీగ లాగి మిషనుకు కలుపుతున్నాడు.

“అక్కా!” లారీ పక్క నుంచి ఆగయ్య వచ్చాడు. భుజాన గోనెపట్టా, ఒళ్ళంతా మసి. “ఏంది గిట్ల వచ్చినవ్? అంతా మంచిదేనా?”

“మీ బావ ఏడి?”

“లోపల చూస్తున్నడు. ఆయన చూసి చెప్తేనే వెల్డింగ్ మొదలు.”

ఆమెకు వాసన వస్తోంది. కానీ ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ వచ్చేదే అది. ఎంత ఎక్కువో, ఎంత తక్కువో చెప్పడం ఆమెకెట్లా తెలుస్తుంది? గులకరాయి గుచ్చుకుంటే చెప్పు దులుపుకోవడానికి కిందికి వంగింది. అప్పుడు కొట్టింది వాసన, మొహం మీద చరిచినట్టు. నేల మీద పరుచుకుని ఉంది. మోకాళ్ళ ఎత్తు కూడా లేదు.

“తమ్మీ, జర వంగి చూడు. నీకు కొడ్తలేదా?”

“పొద్దుగాల్నుంచి కొడ్తనే ఉంది అక్కా. బావను అడిగిన. కాలిన డ్రమ్ములు గదా, గట్లనే ఉంటది అన్నడు.”

లోపలి నుంచి అంబదాస్ వస్తున్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని, గడ్డం కొంచెం పైకెత్తి, వరసల మధ్య నెమ్మదిగా నడుస్తున్నాడు. ఒక చోట ఆగాడు. గాలి లోపలికి పీల్చాడు. తల ఊపాడు. డాక్టరు నాడి చూస్తుంటే చుట్టాలు ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు, ఆరుగురు కూలీలు గోడ వారగా నిలబడి అతన్నే చూస్తున్నారు. రాజమ్మకు ఒక్క క్షణం, అతను ఈ పనిలో చేరిన కొత్తలో ఇట్లాగే చూసి మురిసిపోయిన సంగతి మనసులో మెదిలింది.

“కుఛ్ నహీ,” అన్నాడు అంబదాస్ ద్వారం దగ్గరికి వచ్చి. “ఏం లేదు. చేస్కో.”

వెల్డరు నల్లద్దం మొహం మీదికి దించుకున్నాడు.

“ఆపు!”

ఆమె ఎట్లా వెళ్ళిందో ఆమెకే తెలియదు. కమ్ములకూ వెల్డరుకూ మధ్య నిలబడి ఉంది.

“ఆయనకు వాసన రాదు! నా పెనిమిటికి వాసన రాదు!”

తెలుగు తెలియని కూలీలు ఆమె వైపు వెర్రిగా చూశారు. వెల్డరు అద్దం పైకెత్తి, “క్యా బోల్ రహీ హై?” అన్నాడు. ఒకసారి చెప్పడమే ప్రాణం పోయినట్టుంది. ఇప్పుడు మళ్ళీ చెప్పాలి, అందరికీ తెలిసే భాషలో.

“ఇస్కో వాస్ నహీ ఆతా!” అంది రాజమ్మ మొగుడి వైపు వేలు చూపించి. “కుఛ్ భీ వాస్ నహీ ఆతా!”

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

“ఇంట్ల లొల్లయింది,” అన్నాడు అంబదాస్. నవ్వు తెచ్చుకోబోయాడు. “పొద్దుగాల్నుంచి గిట్లనే ఉంది ఇది. పట్టించుకోకుండ్రి.”

“బావా,” అన్నాడు ఆగయ్య. “అక్క చెప్పేది నిజమా?”

అంబదాస్ చేతులు మళ్ళీ వెనక్కి కట్టుకున్నాడు.

“నా మొకం జూసి చెప్పు బావా.”

అంబదాస్ చూడలేదు. ఆగయ్య గోనెపట్టా కిందపడేసి లోపలికి పోయాడు. మోకాళ్ళ మీద కూర్చుని, చేతుల మీద పాకుతూ వరసల మధ్య మాయమయ్యాడు. వాడి దగ్గు ఒక్కటే వినిపించింది. తరవాత ఒక కేక.

“ఇటు రాండ్రి! ఇటు రాండ్రి జల్దీ!”

మూడో వరసలో, అడుగున, కాలి వచ్చిన డ్రమ్ము ఒకటి అడుగంచు దగ్గర విచ్చుకుని ఉంది. కింద పేర్చిన చెక్కల చాటున థిన్నర్ మడుగు కట్టి, నేల వాలు ఎటుంటే అటు పాకి, ద్వారం వైపు సన్నటి నాలుకలా వచ్చింది. దాని కొసకూ వెల్డరు కూర్చున్న చోటుకూ మధ్య ఒక మనిషి పండుకునేంత జాగా కూడా లేదు.

వెల్డరు ఏదో బూతు మాట అని తీగ లాగేశాడు. మిషను అక్కడే వదిలి, పిలిచినా తిరిగి చూడకుండా చెరకు చేల గట్టు మీద పరుగులాంటి నడక నడిచిపోయాడు. కూలీలు ఇసుక బకెట్ల కోసం ఉరికారు.

అంబదాస్ మడుగు దగ్గర గొంతుక్కూర్చుని వేలు అందులో ముంచాడు. ఎత్తి పట్టుకున్నాడు.

“చల్లగుంది,” అన్నాడు ఎవరితోనూ కాకుండా.

అతను మొదట భార్యను తిడతాడనుకున్నారు అందరూ. తిట్టలేదు. పక్క నుంచి ఇసుక మోసుకుపోతున్న కూలీలు ఎవరూ అతన్ని తగలకుండా, ఏదో విరిగిన సామానును తప్పించుకు పోయినట్టు చుట్టూ తిరిగి పోతున్నారు. రాజమ్మ దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేసింది. అతను ఆ చెయ్యి తీసేయనూ లేదు, పట్టుకోనూ లేదు.

పావుగంట తరవాత మెహతాజీ కబురు పెట్టాడు, ఇద్దరినీ రమ్మని.

ఆఫీసు గది షెడ్డుకు దూరంగా, రోడ్డు వైపు ఉంది. ధనసుఖ్‌భాయ్ సాసరులో టీ పోసుకుని ఊదుకుంటున్నాడు. లేచి నిలబడి ఇద్దరికీ కుర్చీలు చూపించాడు. ఆయన హిందీ మెత్తగా, గుజరాతీ కలిపి ఉంటుంది. ఆమెకు మాట మాటా అర్థమవుతుంది.

“కూర్చో బెన్. మంచి పని చేశావు. నువ్వు రాకపోతే ఇవాళ మనమెవ్వరం ఉండేవాళ్ళం కాదు.”

“సాబ్, ఆయనకు వాసన రాదు. ఈ పని ఇగ చేయలేడు. వేరేవాళ్ళను పెట్టుకోండి.”

“తెలుసు.”

“ఇప్పుడు తెలిసింది గదా, అందుకే...”

“ఇప్పుడు కాదు. పోయిన హోలీ నుంచి తెలుసు.” టీ జుర్రి సాసరు కిందపెట్టాడు. “ఒకరోజు ఈ బల్ల మీద డబ్బా పెట్టి ఇందులో ఏముంది అంబదాస్‌భాయ్ అన్నాను. థిన్నర్ అన్నాడు. నేను తాగే నీళ్ళు అవి.”

అంబదాస్ తలెత్తాడు. ఆ రోజు అతనికీ గుర్తొచ్చినట్టుంది. ఏడాది పొడుగునా తను అంత జాగ్రత్తగా దాచుకున్నది ఎదుటివాడి జేబులో ఉందని తెలిసిన మనిషి మొహం అది. రాజమ్మ అటు చూడలేకపోయింది.

“మరి ఎందుకు పెట్టుకున్నరు సాబ్?”

“ముక్కుదేముంది బెన్? పేరు ముఖ్యం. ఆయన లేదంటే కూలీలు లోపలికి పోతారు. పోతున్నారు కదా?”

ఫ్యాను కిర్రుమని తిరుగుతోంది. రాజమ్మకు అప్పుడర్థమైంది. శనివారం ఉధ్నాకు తీసుకుపోయింది వాసన చూడటానికి కాదు. వాసన చూడలేడని తెలిసే తీసుకుపోయారు.

“అయిందేదో అయింది. రేపటి నుంచి వెల్డింగు బయట చేయించుకుందాం.” ధనసుఖ్‌భాయ్ ఎర్ర అట్ట పుస్తకం ఒకటి తెరిచి అంబదాస్ వైపు తిప్పాడు. “ఇవాళ్టి సంతకం మిగిలింది.”

రోజూ పెట్టే చోటే. గుజరాతీలో ముందే అచ్చు వేసిన వాక్యం, లీకు లేదు, వాసన లేదు అని. కింద గీత. అంబదాస్ కలం తీసుకున్నాడు. గీత మీద దాన్ని ఆనించాడు. అట్లాగే చాలాసేపు ఉంచాడు.

“దీని కింద పెట్ట,” అన్నాడు. తెలుగులో అన్నానని తెలుసుకుని మళ్ళీ హిందీలో, మాట మాటా కూడబలుక్కుని చెప్పాడు. “నాకు వాసన రాదు అని రాయండి. ఈ మనిషికి వాసన రాదు అని. దాని కింద సంతకం చేస్తాను.”

ఇరవై ఏళ్ళలో రాజమ్మకు మొగుడి మీద ఇంత గౌరవం ఎప్పుడూ కలగలేదు.

ధనసుఖ్‌భాయ్ కోప్పడలేదు. కళ్ళద్దాలు తీసి ధోతీ అంచుతో తుడుచుకున్నాడు. సొరుగు లాగి ఇంకో పుస్తకం తీశాడు. దీని అట్ట నీలం రంగు.

“ఇది ఉధ్నాది. శనివారం సాయంత్రం నా స్కూటరు డిక్కీలో ఇంటికి వచ్చింది కాబట్టి మిగిలింది.” శనివారం నాటి చివరి పేజీ తెరిచి, అదే అచ్చు వాక్యం కింది గీత చూపించాడు. అన్నీ గుజరాతీ అక్షరాలే, ఒక్కచోట తప్ప. ఆ ఒక్కచోట ఉన్నది రాజమ్మ చదువు లేకపోయినా గుర్తుపడుతుంది. రేషను కార్డు మీద, హారతి స్కూలు కాగితాల మీద, ఎన్నిసార్లు చూడలేదు మొగుడి ఆ తెలుగు సంతకాన్ని.

“ఇద్దరు పోయారు కదా. పోలీసులు దీని కోసం రెండుసార్లు వచ్చారు. వెతుకుతున్నాను అని చెప్పాను.” పుస్తకం మూసి, దాని మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. “ఇంకా వెతుకుతూనే ఉండమంటావా అంబదాస్‌భాయ్, దొరికిందని చెప్పమంటావా?”

బయట లారీ ఇంజను మొదలైంది. మిగిలిన డ్రమ్ములు దించడానికి వెనక్కి వస్తోంది. డ్రమ్ములు దొర్లించే చెక్క పలక వేయమని ఎవరో అరుస్తున్నారు. “ఆగయ్యా! ఓ ఆగయ్యా!”

రాజమ్మ లేచింది. “పోదాం పా,” అంది మొగుడితో.

అంబదాస్ లేవలేదు. కలం ఇంకా అతని చేతిలోనే ఉంది.